హద్దు మారింది, లక్ష్యం మారలేదు: లినక్స్‌లో ప్రాసెసర్ ఫ్రీక్వెన్సీ పరిమితులు ఎలా అమలవుతాయి

క్లుప్తంగా: లినక్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ వేగాన్ని ఒక ఫైలులో రాసి తగ్గించవచ్చు. కానీ లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ దాన్ని ఆజ్ఞగా కాక, చాలామంది పెట్టే అర్జీల్లో ఒకటిగా తీసుకుంటుంది. వాటిలో బిగువైనది నెగ్గుతుంది. నెగ్గిన హద్దు చిప్ దాకా చేరడం మాత్రం డ్రైవర్ మీద ఆధారపడి ఉంటుంది. ఇటీవలి సంవత్సరాల్లో బయటపడిన తప్పుల్లో కొన్ని లెక్కలో కాదు, ఈ చేరవేతలో జరిగినవి. ‘కోరిన వేగం మారలేదు కాబట్టి చిప్‌తో పని లేదు’ అన్న పాత నమ్మకం, తనంతట తాను వేగం మార్చుకునే కొత్త చిప్‌ల దగ్గర చెల్లలేదు.

ల్యాప్‌టాప్ వేడెక్కుతోందనో, ఫ్యాన్ గోల భరించలేకో ప్రాసెసర్ వేగానికి కళ్లెం వేసేవాళ్లు చాలామందే ఉన్నారు. అలా చేసినవాళ్లు తరచూ ఒక విచిత్రం చూస్తారు. ఫైలులో రాసిన అంకె ఒకటి, వెంటనే తిరిగి చదివితే కనిపించేది ఇంకొకటి, చిప్ నడుస్తున్న వేగం వేరొకటి. ఈ మూడూ ఒకేసారి సరైనవే కావచ్చు. ఒక్కోసారి మాత్రం అందులో నిజమైన తప్పు దాగి ఉంటుంది. ఏది మామూలు, ఏది తప్పు అని తేల్చుకోవాలంటే ఆ అంకె కెర్నల్ లోపల ఏ దారిన వెళ్తుందో చూడాలి.

## ఫైళ్లలో కనిపించే అంకెలు

లినక్స్‌లో ఈ వ్యవహారమంతా చూసే విభాగం సీపీయూఫ్రీక్. ఇందులో మూడు పొరలున్నాయి. చిప్‌తో నేరుగా మాట్లాడేది డ్రైవర్. ఇప్పుడు ఎంత వేగం కావాలో లెక్క వేసేది గవర్నర్. ఈ రెండింటి మధ్య హద్దులు, తాళాలు, ఫైళ్లు చూసుకునేది కోర్ భాగం. గవర్నర్లలో 2004లో కెర్నల్ 2.6.9 వెర్షన్‌తో వచ్చిన ‘ఆన్‌డిమాండ్’ చాలాకాలం రాజ్యమేలింది. 2016లో 4.7తో వచ్చిన ‘షెడ్‌యుటిల్’, పనులను ప్రాసెసర్‌కి పంచే షెడ్యూలర్ ఇచ్చే లోడు లెక్కను నేరుగా వాడుకుంటుంది. ఉన్న లోడుకు సరిపోయే వేగాన్ని 1.25తో హెచ్చించి, కాస్త వెసులుబాటు ఉంచి అడుగుతుంది.

కెర్నల్ హద్దులను ప్రాసెసర్‌లోని ఒక్కో కోర్‌కి కాక ‘పాలసీ’కి కడుతుంది. ఒకే క్లాక్ మీద నడిచే కోర్‌లన్నీ కలిపితే ఒక పాలసీ. ఫోన్లలో చిన్న కోర్‌లన్నీ ఒక పాలసీ, పెద్దవన్నీ ఇంకో పాలసీ కావడం మామూలు. కెర్నల్ తన సెట్టింగులను ఫైళ్లుగా చూపించే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ప్రతి పాలసీకి ఒక డైరెక్టరీ ఉంటుంది. అందులోని అంకెలన్నీ కిలోహెర్ట్జ్‌లలో ఉంటాయి, అంటే 2.4 గిగాహెర్ట్జ్ కావాలంటే 2400000 అని రాయాలి.

‘సీపీయూఇన్ఫో_మ్యాక్స్_ఫ్రీక్’ అనే ఫైలు హార్డ్‌వేర్ సత్తా ఎంతో చెబుతుంది. దాన్ని మార్చలేం. ‘స్కేలింగ్_మ్యాక్స్_ఫ్రీక్’ ప్రస్తుతం అమల్లో ఉన్న పై హద్దు. కింది హద్దుకు ఇలాంటివే రెండు ఫైళ్లున్నాయి. ‘స్కేలింగ్_కర్_ఫ్రీక్’ ఇప్పటి వేగం. అయితే దాని అర్థం అన్ని చోట్లా ఒకటి కాదు. కొన్ని డ్రైవర్ల దగ్గర అది చివరిసారి అడిగిన వేగం మాత్రమే. ఎక్స్86 చిప్‌లలో రెండు హార్డ్‌వేర్ కౌంటర్ల నిష్పత్తి నుంచి కొలిచిన వేగం.

గందరగోళం మొదలయ్యేది స్కేలింగ్_మ్యాక్స్_ఫ్రీక్ దగ్గరే. రాసేటప్పుడు అది వాడుకదారు కోరిక. చదివేటప్పుడు అందరి కోరికలూ కలిపాక తేలిన ఫలితం. ఒకే ఫైలు రెండు పనులు చేస్తోంది. 3 గిగాహెర్ట్జ్ రాసి చదివితే 2 అని వచ్చిందంటే రాసింది పోయినట్టు కాదు, అంతకన్నా బిగువైన హద్దు ఇంకెవరో పెట్టారన్నమాట.

## ఎవరెవరు హద్దు పెడతారు

మొదటిది వాడుకదారు. రెండోది ఫర్మ్‌వేర్, అంటే బయోస్ లాంటి యంత్రంలోనే ఉండే సాఫ్ట్‌వేర్. అది కెర్నల్‌తో మాట్లాడే ఏసీపీఐ పద్ధతిలో ‘పీపీసీ’ అనే అంశం ఒకటుంది. ఇప్పుడు ఏ స్థాయి వరకు వెళ్లవచ్చో బయోస్ దాని ద్వారా చెబుతుంది, మారినప్పుడల్లా కెర్నల్‌కి కబురు పెడుతుంది. తక్కువ వాట్ల చార్జర్ తగిలించినప్పుడో, బ్యాటరీ తీసేసినప్పుడో కొన్ని ల్యాప్‌టాప్‌లు నెమ్మదించడానికి ఇది ఒక దారి. మూడోది ఉష్ణోగ్రతను కాపలా కాసే థర్మల్ విభాగం. చిప్ వేడి నిర్ణీత స్థాయి దాటితే అది పై హద్దును మెట్టుమెట్టుగా దించుతుంది. మే నెలలో ఏసీ లేని గదిలో పనిచేసే ల్యాప్‌టాప్ మీద ఎక్కువసార్లు చెయ్యి పడేది దీనిదే.

2019కి ముందు వీళ్లందరూ ‘నోటిఫయర్’ పద్ధతిలో కలుగజేసుకునేవాళ్లు. పాలసీ మారబోతున్న ప్రతిసారీ కోర్ భాగం ఒక ప్రకటన చేసేది. విన్న ప్రతి విభాగమూ ఆ హద్దులను తన లెక్కకు తగ్గట్టు కుదించేది. పని జరిగేది కానీ ఎవరు ఎంత అడిగారన్నది ఎక్కడా విడిగా నమోదయ్యేది కాదు. ఒక విభాగం తన ఆంక్ష ఎత్తేయాలంటే పాలసీని మొత్తం మళ్లీ లెక్క వేయించి, మళ్లీ అందరినీ పిలవాల్సి వచ్చేది.

కెర్నల్ డెవలపర్లు విరేశ్ కుమార్, రఫాయెల్ వైసోట్స్కీ చేసిన మార్పులతో 2019లో 5.3, 5.4 వెర్షన్లలో ఈ పద్ధతి మారిపోయింది. ఇప్పుడు ప్రతి పాలసీకి అర్జీల జాబితాలు రెండుంటాయి, కింది హద్దుకు ఒకటి, పై హద్దుకు ఒకటి. హద్దు కావాల్సిన ప్రతి విభాగం తన అర్జీని అందులో చేర్చుతుంది, తర్వాత దాన్నే మార్చుకుంటుంది, అక్కర తీరాక తీసేస్తుంది. పై హద్దు అర్జీల్లో అన్నిటికన్నా చిన్నది, కింది హద్దు అర్జీల్లో అన్నిటికన్నా పెద్దది అమలవుతాయి. వాడుకదారు ఫైలులో రాసే అంకె కూడా ఈ జాబితాలో ఒక మామూలు అర్జీయే, దానికి ప్రత్యేక హోదా లేదు.

లారీకి ఓనరు 60 దగ్గర స్పీడ్ కట్టేశాడనుకుందాం. ఘాట్ రోడ్డులో 40 బోర్డు కనిపిస్తే 40లోనే పోవాలి. ఘాట్ దిగాక మళ్లీ 60 దానంతటదే వర్తిస్తుంది, ఓనరు ఇంకోసారి చెప్పనక్కర్లేదు. అర్జీల జాబితా వల్ల కలిగిన అసలు లాభం ఇదే. థర్మల్ ఆంక్ష తొలగిన మరుక్షణం వాడుకదారు పెట్టిన పాత హద్దు చెక్కుచెదరకుండా అమల్లోకి వస్తుంది.

## అర్జీ నుంచి చిప్ దాకా

ఒక అర్జీ మారిందంటే కోర్ భాగం అక్కడికక్కడే చిప్‌ని ముట్టుకోదు. పనిని క్యూలో వేస్తుంది. క్యూలో వంతు రాగానే కొత్త కింది, పై హద్దులను జాబితాల నుంచి చదివి, డ్రైవర్‌లోని ‘వెరిఫై’ అనే ఫంక్షన్‌కి ఇస్తుంది. ఇవి హార్డ్‌వేర్‌కి కుదురుతాయా అని డ్రైవర్ చూసి సవరిస్తుంది. ఆ తర్వాతే అవి పాలసీలో నమోదై, గవర్నర్‌కి కబురు వెళ్తుంది.

సవరణల్లో రెండు తెలుసుకోదగ్గవి. కొన్ని చిప్‌లు ఏ వేగంలో పడితే ఆ వేగంలో నడవవు, వాటికి మెట్ల పట్టిక ఉంటుంది. ఉదాహరణకు 1.2, 1.6, 2.0 గిగాహెర్ట్జ్ మెట్లున్న చిప్‌కి 1.8 పై హద్దుగా రాస్తే, నేటి కెర్నల్ దాన్ని 1.6కి దించుతుంది, ఎందుకంటే తర్వాతి మెట్టు హద్దు దాటుతుంది. చదివితే 1.6 అని కనబడుతుంది. అలాగే కింది హద్దు 1.7 అని రాస్తే 2.0కి ఎక్కుతుంది. మరి రెండు హద్దుల మధ్య ఒక్క మెట్టు కూడా పడకపోతే? 1.7, 1.9 మధ్య ఈ చిప్‌కి చోటే లేదు. అప్పుడు పట్టిక వాడే డ్రైవర్ల వెరిఫై కోడు పై హద్దును తర్వాతి మెట్టుకు, అంటే 2.0కి పెంచుతుంది. అడిగిన హద్దు కన్నా ఎక్కువ వేగం చట్టబద్ధంగా దొరికే సందర్భాల్లో ఇదొకటి. ప్రాసెసర్ ఏదో ఒక వేగంలో నడవక తప్పదు కాబట్టి వేరే దారి కూడా లేదు.

రెండోది, కింది హద్దు పై హద్దును మించిపోతే ఏం చేయాలన్నది. ఒక ప్రోగ్రాం కనీసం 3 గిగాహెర్ట్జ్ కావాలంటోంది, థర్మల్ విభాగం 2 దాటొద్దంటోంది. ఇక్కడ కెర్నల్ తటపటాయించదు. పై హద్దు మాటే చెల్లుతుంది, కింది హద్దును దానికి సమానంగా దించేస్తుంది. కింది హద్దు అర్జీ సాధారణంగా పనితీరు కోసం పెట్టేది. పై హద్దు వెనక వేడి, కరెంటు సరఫరా వంటి భద్రత కారణాలు ఉండవచ్చు. ఒకటి తప్పితే పని కాస్త ఆలస్యమవుతుంది, రెండోది తప్పితే యంత్రమే ఆగిపోవచ్చు.

## లక్ష్యం మారకపోతే పనేముంది?

ఇక అసలు చిక్కు దగ్గరకు వద్దాం. పాతకాలపు డ్రైవర్లలో చిప్‌కి చెప్పాల్సింది ఒకే ముక్క, ‘ఈ వేగంలో నడువు’. హద్దులు కెర్నల్ సొంత వ్యవహారం, చిప్‌కి వాటి గురించి తెలియదు. గవర్నర్ కోరిన వేగాన్ని హద్దుల మధ్యకు లాగి, వచ్చిన అంకెను చిప్‌కి రాస్తే సరిపోయేది. అందుకే కోర్ భాగంలో ఒక పొదుపు చర్య ఉండేది. కోరిన వేగం, ఇప్పుడున్న వేగం ఒకటే అయితే డ్రైవర్‌ని పిలవకుండానే వెనక్కి వచ్చేయడం. చిప్ లోపలి చిన్న నిల్వ స్థానాలైన రిజిస్టర్లను అనవసరంగా రాయడం ఖర్చు కాబట్టి అది మంచి నిర్ణయమే.

2015లో స్కైలేక్ తరంతో ఇంటెల్ చిప్‌లలో హెచ్‌డబ్ల్యూపీ (హార్డ్‌వేర్ పీ-స్టేట్స్) అనే సౌకర్యం విస్తృతంగా వచ్చింది. ఇందులో వేగం ఎంచుకునేది చిప్పే. కెర్నల్ రాసే రిజిస్టర్‌లో ఒక వేగం కాదు, నాలుగు ఎనిమిదేసి బిట్ల గడులుంటాయి. కనిష్ఠం, గరిష్ఠం, కోరిన స్థాయి, పనితీరుకు మొగ్గాలా పొదుపుకు మొగ్గాలా అనే సూచన. అంటే హద్దులు ఇప్పుడు చిప్ లోపలే ఉన్నాయి. చిప్ ఆ రెండింటి మధ్య తన ఇష్టం వచ్చినట్టు, కెర్నల్‌ని అడగకుండా తిరుగుతుంది.

2013లో 3.9తో వచ్చిన ఇంటెల్ పీ-స్టేట్ డ్రైవర్ దీన్ని రెండు రకాలుగా వాడుతుంది. యాక్టివ్ పద్ధతిలో మామూలు గవర్నర్లతో పనిలేదు. అందులోనూ ‘పవర్‌సేవ్’, ‘పర్‌ఫార్మెన్స్’ అనే పేర్లు కనిపిస్తాయి కానీ అవి మామూలు గవర్నర్లు కావు. ఇక్కడి పవర్‌సేవ్ వేగాన్ని అట్టడుగున కట్టేయదు, లోడును బట్టి పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. పేరు చూసి కంగారుపడి పర్‌ఫార్మెన్స్‌కి మార్చేవాళ్లు బ్యాటరీని వృథా చేసుకుంటున్నారు. ప్యాసివ్ పద్ధతిలో మాత్రం షెడ్‌యుటిల్ లాంటి మామూలు గవర్నర్లే నిర్ణయిస్తాయి, డ్రైవర్ ఆ నిర్ణయాన్ని చిప్‌కి అందిస్తుంది. 2020 అక్టోబరులో విడుదలైన 5.9 నుంచి హెచ్‌డబ్ల్యూపీ ఉండగానే ప్యాసివ్ పద్ధతి వాడుకోవడం వీలైంది.

తప్పు సరిగ్గా ఆ కలయికలో బయటపడింది. ప్యాసివ్ పద్ధతిలో గవర్నర్ కోరిన వేగాన్ని డ్రైవర్ కనిష్ఠం గడిలో రాసేది, పాలసీ పై హద్దును గరిష్ఠం గడిలో రాసేది. ఇప్పుడు మామూలు పవర్‌సేవ్ గవర్నర్ నడుస్తోందనుకుందాం. అది ఎప్పుడూ కింది హద్దునే కోరుతుంది, ఉదాహరణకు 800 మెగాహెర్ట్జ్. వాడుకదారు పై హద్దును 4 నుంచి 2 గిగాహెర్ట్జ్‌కి తగ్గించాడు. గవర్నర్ మళ్లీ 800 కోరింది. నిన్నా అదే, ఇవాళా అదే. కోర్ భాగం పొదుపు నియమం ప్రకారం డ్రైవర్‌ని పిలవలేదు. గరిష్ఠం గడిలో 4 గిగాహెర్ట్జ్‌కి సరిపోయే అంకె అలాగే మిగిలిపోయింది. ఫైలులో 2 అని ఉంది, చిప్ మాత్రం 4 దాకా వెళ్లే స్వేచ్ఛతోనే ఉంది.

ఇక్కడ లెక్క ఎక్కడా తప్పలేదు. అర్జీల జాబితా సరిగ్గానే ఉంది, వెరిఫై సరిగ్గానే చేసింది, గవర్నర్ సరైన వేగమే అడిగింది. ప్రతి పొరా తన పని చక్కగా చేసింది, అయినా హద్దు చిప్‌కి చేరలేదు. పరీక్షల్లో కూడా ఇలాంటివి సులువుగా దొరకవు, ఎందుకంటే ఫైలు చదివి సరిచూసే పరీక్ష హాయిగా పాసవుతుంది.

2020 డిసెంబరులో వచ్చిన 5.10లో ‘సీపీయూఫ్రీక్_నీడ్_అప్‌డేట్_లిమిట్స్’ అనే గుర్తును ప్రవేశపెట్టారు. ‘లక్ష్యం మారకపోయినా సరే, హద్దులు మారితే నన్ను పిలవండి’ అని డ్రైవర్ ముందే చెప్పుకునే ఏర్పాటు ఇది. పొదుపు నియమాన్ని అందరికీ ఎత్తేయలేదు. అలా చేస్తే అవసరం లేని డ్రైవర్ల మీద కూడా భారం పడేది. అదే వెర్షన్‌లో ఇంకో గుర్తు కూడా వచ్చింది. పవర్‌సేవ్, పర్‌ఫార్మెన్స్ లాంటి గవర్నర్లు ‘సరిగ్గా ఇదే వేగం, అటూ ఇటూ వద్దు’ అని చెప్పే వీలు దానితో కలిగింది. అప్పుడు డ్రైవర్ కనిష్ఠం, గరిష్ఠం రెండు గడుల్లోనూ ఒకే అంకె రాస్తుంది. అది లేకముందు పవర్‌సేవ్ కోరిన 800 కేవలం నేల మాత్రమే, కప్పు కాదు.

## 2025లో మళ్లీ అదే మలుపులో

ఈ గుర్తు చుట్టూ కొన్నేళ్లకు ఇంకో తప్పు జరిగింది. ఈసారి ఇంటెల్ సంగతి కాదు, ఆ గుర్తు పెట్టుకోని డ్రైవర్ల సంగతి. షెడ్‌యుటిల్‌లో అనవసరపు పిలుపులు ఎక్కువయ్యాయని ఒక సవరణ చేశారు. హద్దులు మారినప్పుడు ‘మళ్లీ లెక్క వేయాలి’ అనే సూచికను ఆ గుర్తు ఉన్న డ్రైవర్లకే ఎత్తాలన్నది దాని సారాంశం. వినడానికి సబబుగానే ఉంది. గుర్తు పెట్టుకోనివాళ్లకు హద్దుల మార్పు అక్కర్లేదు కదా అనిపిస్తుంది.

కానీ అక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. హద్దులు మారాక వేగాన్ని మళ్లీ లెక్క వేయాలా అన్నది ఒకటి. లెక్క వేశాక పాత వేగమే వస్తే డ్రైవర్‌ని పిలవాలా అన్నది రెండోది. గుర్తు సంబంధం రెండోదానితోనే. మొదటిది అందరికీ అవసరం.

ఎందుకు అవసరమో షెడ్‌యుటిల్ పని తీరు చూస్తే తెలుస్తుంది. అది లోడు నుంచి ముందు ఒక ముడి వేగం లెక్క వేస్తుంది. ఆ ముడి వేగం కిందటిసారి వచ్చినదే అయితే, హద్దుల్లో పెట్టే పని మళ్లీ చేయకుండా కిందటి ఫలితాన్నే తిరిగి ఇచ్చేస్తుంది, సూచిక ఎత్తి ఉంటే తప్ప. ఫోను మీద బరువైన ఆట ఆడుతున్నారు, కోర్ నూటికి నూరు శాతం లోడుతో ఉంది. ముడి వేగం ప్రతిసారీ అదే అంకె. చిప్ వేడెక్కింది, థర్మల్ విభాగం పై హద్దు దించింది. షెడ్‌యుటిల్ ముడి వేగం లెక్క వేసింది, మారలేదు, సూచిక లేదు, పాత ఫలితాన్నే ఇచ్చింది. దించిన హద్దు అమలు కాలేదు. హద్దు బాగా అవసరమైన క్షణం కూడా, లోడు మారని క్షణం కూడా అదే. తేలికపాటి వాడకంలో లోడు క్షణక్షణం మారుతుంది కాబట్టి తప్పు కనబడదు. 2025లో దీన్ని సరిదిద్దారు. హద్దులు మారితే లెక్క అందరికీ మళ్లీ వేస్తారు, ఫలితం పాతదే అయితే డ్రైవర్ పిలుపు గుర్తు ఉన్నవాళ్లకే.

అదే సమయంలో ఇంకో సన్నని లోపం కూడా సవరించారు. హద్దులను నమోదు చేసే కోడు, వేగం లెక్క వేసే కోడు ఒకేసారి రెండు వేర్వేరు కోర్‌ల మీద నడవవచ్చు. ఒకటి ముగిసేదాకా ఇంకొకదాన్ని ఆపే తాళం వాటి మధ్య లేదు. తాళం పెడితే షెడ్యూలర్ దారిలో ఆలస్యం వస్తుంది. దానివల్ల ఒకరు కొత్త కింది హద్దు రాసి, పై హద్దు ఇంకా రాయకముందే ఇంకొకరు రెండూ చదివేస్తే, కిందిది పైదాని కన్నా పెద్దగా కనబడవచ్చు. దీనికి వేసిన మందు మూడు భాగాలు. మధ్యలో తాత్కాలిక విలువలు పాలసీలో పడకుండా నమోదు క్రమాన్ని మార్చడం, కోడును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ఆ చదువులను రాతలను తన ఇష్టానికి కలపకుండా కట్టడి చేయడం, ఎప్పుడైనా తారుమారుగా కనబడితే పై హద్దునే గౌరవించడం. భద్రత వైపు మొగ్గాలన్న పాత సూత్రమే ఇక్కడా పనికొచ్చింది.

## కిలోహెర్ట్జ్‌కి చిప్ భాషకి మధ్య

హద్దు డ్రైవర్ దాకా చేరినా ఇంకో గండం మిగిలే ఉంటుంది. హెచ్‌డబ్ల్యూపీ గడుల్లో రాసేది కిలోహెర్ట్జ్ కాదు, పనితీరు స్థాయి అనే చిన్న అంకె. పాత ఇంటెల్ చిప్‌లలో ఒక స్థాయి అంటే 100 మెగాహెర్ట్జ్, భాగహారం నోటితో చేసేయవచ్చు. 2021లో వచ్చిన ఆల్డర్ లేక్‌లో పెద్ద కోర్‌లు, చిన్న కోర్‌లు కలిసి ఉన్నాయి. రెండింటి స్థాయిలనూ ఒకే కొలబద్ద మీద పోల్చేలా పెట్టారు. ఒకే గడియారం వేగంలో పెద్ద కోర్ ఎక్కువ పని చేస్తుంది కాబట్టి దానికి ఎక్కువ స్థాయి దక్కాలి. ఫలితంగా పెద్ద కోర్‌లో ఒక స్థాయి విలువ 78.741 మెగాహెర్ట్జ్ అని డ్రైవర్ లెక్క పెడుతుంది, చిన్న కోర్‌లో 100 అలాగే ఉంది.

పెద్ద కోర్‌కి 3.1 గిగాహెర్ట్జ్ హద్దు పెట్టారనుకుందాం. పాత పద్ధతిలో 100తో భాగిస్తే 31వ స్థాయి. ఈ చిప్‌లో 31వ స్థాయి అంటే దాదాపు 2.44 గిగాహెర్ట్జ్. అడిగినదానికన్నా 660 మెగాహెర్ట్జ్ తక్కువ. సరైన లెక్క 39కి 40కి మధ్య పడుతుంది, ఎటు సర్దాలో డ్రైవర్ తేల్చుకోవాలి. ఒకే అంకెను అన్ని కోర్‌ల ఫైళ్లలో రాసే స్క్రిప్టులు నడిచే చోట, ఈ మార్పిడి తప్పితే ఎక్కడో ఒక రకం కోర్‌లు మాత్రమే మందగిస్తాయి, కారణం అంత తేలిగ్గా దొరకదు.

ఏఎండీ వైపు కూడా దారి ఇటే. 2022లో 5.17తో వచ్చిన ఏఎండీ పీ-స్టేట్ డ్రైవర్ కూడా స్థాయిల భాషలోనే మాట్లాడుతుంది.

## కెర్నల్ లెక్కలో లేని హద్దులు

ఇంతవరకు చెప్పినవన్నీ కెర్నల్‌కి తెలిసిన హద్దులు. తెలియనివి కూడా ఉన్నాయి. ఇంటెల్ చిప్‌లలో విద్యుత్ వినియోగానికి దీర్ఘకాల పరిమితి, స్వల్పకాల పరిమితి అని రెండుంటాయి. అవి తగిలితే చిప్ తనే నెమ్మదిస్తుంది, సీపీయూఫ్రీక్ హద్దుల్లో ఏమీ మారదు. మదర్‌బోర్డు ‘ప్రోక్‌హాట్’ అనే తీగ మీద సంకేతం పంపి చిప్‌ని బలవంతంగా అడుగుకి దించగలదు. చార్జర్‌ని సరిగా గుర్తుపట్టకపోయినా, ఏదైనా సెన్సర్ చెడినా కొన్ని ల్యాప్‌టాప్‌లు 400 లేదా 800 మెగాహెర్ట్జ్ దగ్గర ఇరుక్కుపోయేది ఇందువల్లే. అప్పుడు స్కేలింగ్_మ్యాక్స్_ఫ్రీక్‌లో 4 గిగాహెర్ట్జ్ అని దర్జాగా కనిపిస్తూనే ఉంటుంది. ఆ ఫైలులో ఎన్నిసార్లు రాసినా లాభం లేదు. సమస్య కెర్నల్‌లో లేదు.

ఎదురు దిశలోనూ జరుగుతుంది. ఒకే కోర్‌లోని రెండు హైపర్‌త్రెడ్‌లకు (ఒక కోర్ రెండు ప్రాసెసర్లుగా కనిపించే ఏర్పాటు ఇది) ఇంటెల్ డ్రైవర్‌లో వేర్వేరు పాలసీలుంటాయి, గడియారం మాత్రం ఒకటే. ఒకదానికి 2, రెండోదానికి 4 గిగాహెర్ట్జ్ హద్దు పెడితే కోర్ పెద్ద అర్జీని చూసుకుంటుంది. రెండు ఫైళ్లూ మార్చకపోతే హద్దు పెట్టనట్టే.

మామూలు వేగాన్ని దాటి పరుగెత్తే టర్బో విషయంలో ఫర్మ్‌వేర్ చేసే పని ఇంకా చిత్రం. కొన్ని యంత్రాల్లో బయోస్ మొత్తం చిప్‌కి టర్బో ఆపేసి, కబురు మాత్రం ఒక్క కోర్‌కి పంపేది. కెర్నల్ ఆ ఒక్క కోర్ హద్దునే సవరించేది, మిగతావి టర్బో ఉన్నట్టే లెక్కలో మిగిలేవి. 2019లో 5.2తో డ్రైవర్లకు ‘హద్దుల సవరణ’ అనే ప్రత్యేక ఫంక్షన్ ఇచ్చారు. దాంతో ఇంటెల్ డ్రైవర్ ఒక్క కబురు అందినా, టర్బో స్థితి మారిందని తేలితే అన్ని కోర్‌ల హద్దులూ తిరగరాయడం మొదలుపెట్టింది.

## షెడ్యూలర్‌కి చెప్పకపోతే

హద్దు దించడం వల్ల వేగం మాత్రమే కాదు, పనుల పంపిణీ కూడా మారాలి. పెద్ద కోర్ సత్తా సగానికి పడిపోయిందని షెడ్యూలర్‌కి తెలియకపోతే బరువైన పనులను అక్కడికే తోస్తూ ఉంటుంది. పక్కన చిన్న కోర్‌లు ఖాళీగా ఉంటాయి. 2024లో 6.10తో ఈ సమాచారం సీపీయూఫ్రీక్ నుంచి నేరుగా షెడ్యూలర్‌కి అందడం మొదలైంది. పాలసీ పై హద్దు మారిన ప్రతిసారీ కోల్పోయిన సత్తా ఎంతో లెక్క వేసి చెబుతుంది. హార్డ్‌వేర్ తనంతట తాను నెమ్మదించే చిప్‌లలో, ఆ సంగతి ఇంటరప్ట్ ద్వారా తెలుసుకుని షెడ్యూలర్‌కి చేరవేసే డ్రైవర్లు వేరుగా ఉన్నాయి. క్వాల్‌కామ్ చిప్‌ల డ్రైవర్ వాటిలో ఒకటి.

కింది హద్దు పెంచడం గురించి ఒక మాట. కోర్ ఖాళీగా ఉన్నప్పుడు ఐడిల్ స్థితిలోకి వెళ్లి గడియారమే ఆగిపోతుంది కాబట్టి, కింది హద్దు ఎక్కువున్నంత మాత్రాన ఖాళీ సమయంలో పెద్దగా నష్టం లేదు. నష్టమంతా చిన్నచిన్న పనులు తరచుగా వచ్చే వాడకంలో ఉంటుంది. పై హద్దు తగ్గించడంలో లాభం మాత్రం అంచుల దగ్గర బాగా ఎక్కువ. చిప్ వాడే విద్యుత్తు వేగంతో పాటు వోల్టేజి వర్గం (స్క్వేర్)తో పెరుగుతుంది. చివరి కొన్ని వందల మెగాహెర్ట్జ్ కోసం వోల్టేజి బాగా పెంచాలి. అందుకే టర్బో ఒక్కటి ఆపినా ఫ్యాన్ గోల తగ్గుతుంది. విండోస్‌లో గరిష్ఠ ప్రాసెసర్ స్థితిని 99 శాతానికి తగ్గించే చిట్కా సాధారణంగా చేసేదీ ఇదే, టర్బోని ఆపడం. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఈ హద్దులు ‘పవర్‌డీ’ అనే నేపథ్య ప్రోగ్రాంకి ఆప్షన్లుగా ఇస్తారు.

## ఎవరి హద్దో కనిపెట్టడం

రాసిన హద్దుకు చదివిన హద్దుకు తేడా ఉంటే, ముందు పట్టిక మెట్ల వల్ల వచ్చిన చిన్న సర్దుబాటేమో చూడాలి. తేడా పెద్దదైతే ‘బయోస్_లిమిట్’ ఫైలు ఉంటే అది చదవాలి, ఫర్మ్‌వేర్ హద్దు అందులో తెలుస్తుంది. థర్మల్ డైరెక్టరీలో ప్రాసెసర్‌కి చెందిన ‘కూలింగ్ డివైజ్’ ప్రస్తుత స్థాయి సున్నా కాకపోతే వేడి కారణం. ఇంటెల్ అయితే మొత్తం చిప్‌కి వర్తించే శాతం పరిమితి, టర్బో నిషేధం ‘ఇంటెల్_పీస్టేట్’ డైరెక్టరీలో వేరుగా ఉంటాయి. పాలసీ హద్దు, ఆ శాతం హద్దు రెండిట్లో బిగువైనదే పనిచేస్తుంది.

ఫైళ్లలో హద్దులన్నీ సరిగ్గా ఉండి వేగం మాత్రం తక్కువగా ఉంటే హార్డ్‌వేర్ తనంతట తాను ఎన్నిసార్లు నెమ్మదించిందో లెక్కించే థ్రాటిల్ కౌంటర్లు చూడాలి. హద్దు సరిగ్గా ఉండి వేగం దాన్ని దాటిపోతుంటే, ‘టర్బోస్టాట్’ లాంటి ప్రోగ్రాంతో రిజిస్టర్‌లో ఉన్న అసలు విలువను చదవాలి. ఫైలుకు, రిజిస్టర్‌కు పొంతన లేకపోతే అనుమానించాల్సింది డ్రైవర్‌నే.

ఈ వెతుకులాట ఇంత చుట్టుతిరుగుడుగా ఉండటానికి ఒక లోటు కారణం. అర్జీల జాబితా కెర్నల్ లోపల చక్కగా విడివిడిగా ఉంది, ఎవరు ఎంత అడిగారన్నది అక్కడ తెలుసు. కానీ ఆ జాబితాను పేర్లతో సహా చూపించే ఫైలు సిస్‌ఎఫ్‌ఎస్‌లో లేదు. వాడుకదారుకు దక్కేది చివరి ఫలితం ఒక్కటే, దాని వెనక ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ కొట్టేసుకుంటూ రావాలి.